సరుకు వెంట కథ: కొలంబియా కాఫీ నుంచి గుంటూరు మిర్చి దాకా

యార్డులో ధర కుదరడానికి కథలతో పనిలేదు. కొనేవారు గుట్టలో చెయ్యి పెట్టి చూస్తారు. కాయ విరిచి గింజ చూస్తారు, గుప్పిట పట్టి తేమ అంచనా కడతారు, తాలు ఎంత వున్నదో లెక్క వేస్తారు. ఆ తర్వాత పలికే ధరలో అమ్మేవారి మాటకారితనానికి దక్కేది స్వల్పమే.

అదే సరుకు యార్డు గేటు దాటి పరాయి రాష్ట్రానికో, పరాయి దేశానికో బయలుదేరితే పరిస్థితి మారుతుంది. అక్కడి కొనుగోలుదారు చేతిలో వుండేవి ఒక శాంపిలు పొట్లం, ఒక పరీక్ష కాగితం, అమ్మకందారు పంపిన నాలుగు మాటలు. గుట్ట ఆయన కంటికి కనిపించదు. కనిపించని దానికి డబ్బు కట్టాలంటే నమ్మకం కావాలి. ఆ నమ్మకం కలిగించే పనిని పెద్ద కంపెనీలు నేడు ప్రజాసంబంధాల శాఖలకు అప్పగించాయి. సరుకు గురించి గుణగణాల పట్టీ చదవడం కంటే, దాని వెనుకనున్న కథ చెప్పడం మేలని ఆ శాఖల వారు చెబుతున్నారు.

మన బజారులో ఈ మాట వింటే నవ్వు వస్తుంది. "కథలు చెప్పకండి" అంటే మన వాడుకలో అబద్ధాలు ఆడకండి అనే అర్థం. బాకీదారు వాయిదా అడిగినా, లారీ రెండు రోజులు ఆలస్యమైనా మన నోట వచ్చే మాట అదే. కాబట్టి ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఇక్కడ కథ అంటే కల్పన కాదు. ఈ సరుకు ఎక్కడ పండింది, ఎవరు పండించారు, మధ్యలో ఏ ఇబ్బంది వచ్చింది, దాన్ని ఎలా దాటారు, చివరకు కొనేవారి చేతికి ఏ స్థితిలో చేరుతున్నది అనే విషయాలను జరిగిన వరుసలో చెప్పడమే కథ. ఇది వర్తకానికి ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో నాలుగు అనుభవాలను బట్టి పరిశీలించవచ్చు.

కంచర గాడిదతో రైతు

అన్నిటిలోకి ప్రసిద్ధమైనది కొలంబియా కాఫీ అనుభవం. 1953లో బ్రెజిల్ తోటలను మంచు దెబ్బతీయడంతో 1954లో కాఫీ ధరలు ఆకాశాన్ని అంటాయి. ఆ ధరలు చూసి అనేక దేశాలలో కొత్త తోటలు వేశారు. ఆ తోటలు కాపుకు వచ్చేసరికి మార్కెట్‌లో సరుకు పేరుకుపోయి, 1950వ దశకం చివరికి ధరలు పతనమయ్యాయి. కొలంబియాకు మరొక చిక్కు కూడా వుంది. దాని కాఫీని అమెరికాలోని వేపుడు కంపెనీలు ఇతర దేశాల గింజలతో కలిపి డబ్బాలలో అమ్మేవి. డబ్బాపై కొలంబియా పేరు వుండేది కాదు. మంచి సరుకు ఇచ్చి, పేరు లేకుండా మిగిలిపోయే పరిస్థితి అది.

కొలంబియా కాఫీ రైతుల సమాఖ్య 1927లో ఏర్పడిన పాత సంస్థ. అది 1959 ప్రాంతంలో న్యూయార్కుకు చెందిన డోయిల్ డేన్ బెర్న్‌బాక్ అనే ప్రకటనల సంస్థకు ఈ పని అప్పగించింది. వారు హువాన్ వాల్డెజ్ అనే రైతు పాత్రను సృష్టించారు. తలపై వెడల్పు టోపీ, భుజాన కంబళి, పక్కన కొంచీతా అనే కంచర గాడిద, దాని వీపున కాఫీ బస్తాలు. "మా కాఫీ శ్రేష్ఠమైనది" అని ఊరుకోకుండా, ఆ రైతు కొండవాలుపై ఏం చేస్తాడో ప్రకటనలు చూపాయి. చెట్ల నీడలో మొక్క పెరగడం, పండినవాటినే చేతితో ఏరడం, కడగడం, ఆరబెట్టడం, కంచర గాడిదపై కొండ దించడం చూపాయి. కాఫీ తాగే అమెరికన్ గృహిణికి అంతవరకు కాఫీ అంటే దుకాణంలోని డబ్బా. ఇప్పుడు దాని వెనుక ఒక మనిషి, అతని కష్టం కనిపించాయి.

హువాన్ వాల్డెజ్ అనే పేరుతో నిజంగా ఒక రైతు లేడు. అతడు కల్పిత పాత్ర. ఆ వేషం కట్టిన నటులు కూడా కాలక్రమంలో మారారు. కార్లోస్ సాంచెజ్ దశాబ్దాలపాటు ఆ వేషంలో కనిపించి 2006లో తప్పుకున్నారు, మరొకరు ఆ స్థానంలోకి వచ్చారు. అయినా కొనుగోలుదారులు మోసపోలేదు. పాత్ర కల్పితమైనా, పాత్ర చేసిన పని కల్పితం కాదు. ఆ దేశంలో లక్షలాది చిన్న కమతాలవారు కొండవాలులలో అదే విధంగా కాఫీ ఏరుతున్నారు. కథలో చెప్పినది బస్తాలో వుంది.

బొమ్మ వెనుక ఏర్పాటు

వర్తకులు గమనించవలసినది బొమ్మను కాదు, దాని వెనుకనున్న ఏర్పాటును. మొదటిది, ఖర్చు ఎవరిదన్న విషయం. ఎగుమతి అయ్యే కాఫీపై వసూలు చేసిన రుసుముతో నడిచే జాతీయ కాఫీ నిధి ఆ దేశంలో 1940 నుంచి వుంది. ఏ ఒక్క ఎగుమతిదారుపైనా ప్రచార భారం పడలేదు, ఏ ఒక్కరూ ఆ పేరును సొంతం చేసుకోలేదు. రెండవది, నాణ్యత తనిఖీ. ఎగుమతి సరుకును రేవు దాటకముందే సమాఖ్య తరఫున పరీక్షించే ఏర్పాటు వుంది. కథకు తగని సరుకు ఆ పేరు మీద పోకుండా కాపలా కాచినది ఈ తనిఖీయే. మూడవది, కొనేవారికీ లాభం చూపడం. పూర్తిగా కొలంబియా కాఫీయే అమ్మే కంపెనీలు తమ డబ్బాలపై రైతు, గాడిద, కొండలతో కూడిన ముద్ర వేసుకోవడానికి అనుమతి పొందాయి. ఆ ముద్రను 1981లో రూపొందించారు. దానితో వేపుడు కంపెనీలే ఆ కథకు ప్రచారకులయ్యాయి.

ఫలితాన్ని పెంచి చెప్పనవసరం లేదు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద వున్న కోటాలు రద్దు కాగానే ధరలు కూలిపోయాయి. 2001-02లో మరింత హీనస్థితికి దిగజారాయి. కొలంబియా రైతు కూడా అందరితోపాటు నష్టపోయాడు. రాక ఎక్కువై గిరాకీ తగ్గినప్పుడు ఏ బొమ్మా ధరను నిలపలేదు. కథ నిలిపినది మూల ధరను కాదు, మూల ధరపై వచ్చే అదనాన్ని. న్యూయార్కు వాయిదా కాంట్రాక్టులో కొలంబియా సరుకు మూల ధరకంటే కొంత అదనంతో డెలివరీకి చెల్లుతుంది. అది ప్రధానంగా గింజ నాణ్యతకు దక్కిన గౌరవమే. అయితే ఆ గౌరవాన్ని సామాన్య కొనుగోలుదారు నోట పలికించినది హువాన్ వాల్డెజ్.

ధరలు హీనంగా వున్న 2002లోనే సమాఖ్య ఆ పేరుతో సొంత కాఫీ దుకాణాలు ప్రారంభించింది. 2007లో కొలంబియా కాఫీకి ఐరోపా సమాజం భౌగోళిక గుర్తింపు రక్షణ కల్పించింది. అంటే కథ మొదట, దానికి చట్టం రక్షణ నలభై ఏళ్ళకు పైబడిన తర్వాత.

రెండు రూపాయల సినిమా

మన దేశంలో ఇదే పని మరొక తీరున జరిగింది. గుజరాత్ పాల రైతుల సహకారోద్యమాన్ని ఆధారం చేసుకొని, 1976లో శ్యామ్ బెనెగల్ "మంథన్" చిత్రం తీశారు. బెనెగల్ మన సికింద్రాబాద్‌లో పెరిగినవారే. చిత్రానికి పెట్టుబడి పెట్టినవారు గుజరాత్ సహకార పాల సమాఖ్యకు చెందిన 5 లక్షల మంది పాల ఉత్పత్తిదారులు. తలకు 2 రూపాయల వంతున వేసుకుంటే 10 లక్షల రూపాయలు సమకూరింది. 2024లో బాగుచేసిన ప్రతిని కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు.

సినిమా విశేషాలను అటుంచి, వర్తక దృష్టితో చూడవలసిన సంగతి మరొకటి వుంది. డాక్టర్ వర్ఘీస్ కురియన్ ఆ చిత్రాన్ని కొత్త ప్రాంతాల గ్రామాలకు పంపి ప్రదర్శింపజేశారు. ప్రొజెక్టరు ఒక్కదాన్నే పంపలేదు. పశువైద్యుడు, పాల సాంకేతికుడు, పశుగ్రాస నిపుణుడు కూడా బృందంగా వెళ్ళారు. సినిమా చూసి "మన ఊళ్ళోనూ ఇది సాధ్యమేనా?" అని అడిగే రైతుకు జవాబు చెప్పగలవారు అక్కడే వుండేవారు. ఆ ముగ్గురూ లేకుండా సినిమా మాత్రమే వెళ్ళి వుంటే, ఊరివారు ఒక రాత్రి వినోదం పొంది మరునాడు పాత వ్యాపారికే పాలు పోసేవారు.

అరకు పేరు

మన ప్రాంతంలో ఈ దారిలో నడిచిన సరుకు అరకు కాఫీ. విశాఖ మన్యంలో గిరిజన రైతులు చిన్న చిన్న తోటలలో, నీడ చెట్ల కింద, చాలాచోట్ల మిరియాల తీగలతోపాటు పండించే అరబికా కాఫీ చాలాకాలం పేరు లేకుండానే మార్కెట్‌కు వెళ్ళేది. దానికి ఊరి పేరు, పండించినవారి పేరు తోడైన తర్వాత పరిస్థితి మారింది. 2017లో ప్యారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలు, వైనాడు రొబస్టా అదే విడతలో ఆ గుర్తింపు పొందాయి.

దీనిలో వర్తకులకు ఒక హెచ్చరిక వుంది. పేరు పైకి వచ్చిన సరుకుకు నకలు రావడం మామూలే. వేరే కొండల గింజను అరకు సంచిలో పోసి అమ్మిన వ్యాపారికి ఆ రోజు బేరం లాభమే. రెండు మూడు సార్లు రుచి తేడా వచ్చిన కొనుగోలుదారు మాత్రం ఆ వ్యాపారిని కాదు, అరకునే వదిలేస్తాడు. నష్టం అంతా లోయలోని రైతుది, నిజాయితీగా అమ్మే తోటి వర్తకులది. కథ ఉమ్మడి ఆస్తి. దాన్ని ఒకరు పాడు చేస్తే అందరూ తరుగు భరించాలి.

ఎరుపు వెనుక రంగు

ఈ తరుగు ఎలా వుంటుందో మిర్చి వర్తకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2003లో ఫ్రాన్సులో, భారతదేశం నుంచి వెళ్ళిన మిర్చి ఉత్పత్తులలో సుడాన్-1 అనే రంగు బయటపడింది. అది నూనెలకు, మైనాలకు, బూటు పాలిషుకు వాడే పారిశ్రామిక రంగు. ఆహారంలో వాడడం ఐరోపాలోనూ, మన దేశంలోనూ నిషిద్ధం. ఐరోపా సమాజం వెంటనే దిగుమతి మిర్చికి పరీక్ష ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. సుగంధద్రవ్యాల బోర్డు కూడా అదే సంవత్సరం ఎగుమతి మిర్చికి నిర్బంధ పరీక్ష ప్రవేశపెట్టింది.

అంతటితో ముగియలేదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటనులో ఒక సాస్ తయారీలో వాడిన పాత మిరపపొడిలో అదే రంగు కనిపించింది. ఆ సాస్ ఎన్నో తినుబండారాలలో కలిసి వుండడంతో వందలాది ఉత్పత్తులను దుకాణాల అరల నుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కల్తీ చేసిన చెయ్యి ఎవరిదో వార్త చదివినవారికి తెలియదు. వారికి గుర్తున్నది రెండే మాటలు: భారతదేశం, మిరపపొడి. కల్లంలో కష్టపడి ఆరబెట్టిన రైతూ, ఒక్క చుక్క రంగు కలపని వ్యాపారీ ఆ రెండు మాటల కింద నలిగారు.

ఆ సమయంలో "మా మిర్చి సహజమైన ఎరుపు" అనే ప్రకటనలు ఎన్ని వేసినా వినేవారు లేరు. కొనుగోలుదారుకు కావలసినది ఎదురు కథ కాదు, రుజువు. పరీక్ష కాగితం ఆ రుజువయింది. నేడు ఎగుమతి బేరంలో రంగు విలువ, ఘాటు, అఫ్లాటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు అన్నీ అంకెలలో చెప్పవలసిందే. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు వుంది. ఆ గుర్తింపుకు విలువ వచ్చేది ఆ అంకెలు దాని వెంట నడిచినప్పుడే.

లాటు చెప్పే సంగతి

ఇవన్నీ సమాఖ్యల, బోర్డుల సంగతులు, పది మంది ఆసాములతో ఆడ్తి నడిపే వ్యాపారికి వీటితో ఏం పని అని అనిపించవచ్చు. పని వుంది. ఆయన రోజూ పంపే ఉత్తరం, ఫోను మాట, వాట్సాపు సందేశం కూడా ప్రజాసంబంధాలలో భాగమే. సామాన్యంగా మన బజారు నుంచి వెళ్ళే సందేశం ఈ తీరుగా వుంటుంది: "సరుకు ఎక్స్‌ట్రా డీలక్స్. రంగు అద్భుతం. ధర పెరగబోతున్నది. వెంటనే ఆర్డరు ఖరారు చేయండి." ఇదే మాట అదే ఉదయం ఇరవై మంది పంపుతారు. అవతలి వ్యాపారి ఏది నమ్మాలి?

దీనికి బదులు ఇలా వ్రాస్తే ఎలా వుంటుందో ఊహించండి: "తేజ రకం, 120 టిక్కీలు. ఒకే ఊరి ముగ్గురు రైతుల కాయ. కల్లంలో వుండగా ఒక రాత్రి జల్లు పడింది. పట్టాలు కప్పేలోగా పైకాయ కొంత తడిసి రంగు మారింది. ఆ కాయను ఏరించి 14 టిక్కీలుగా విడిగా కట్టించాము, దానికి వేరే మార్కు, వేరే ధర. మిగిలిన 106 టిక్కీలలో తేమ మా మీటరుపై 10.5 శాతం. శాంపిలు టిక్కీ మూతి నుంచి కాక మధ్య నుంచి తీశాము. మీ మనిషి వచ్చి ఏ టిక్కీ అయినా విప్పించవచ్చు."

ఈ సందేశంలో పొగడ్త ఒక్కటి కూడా లేదు. అయినా అవతలి వ్యాపారి మనసులో కల్లం, వాన, ఏరిన కాయ, విడిగా కట్టిన 14 టిక్కీలు నిలుస్తాయి. ఆ పద్నాలుగు టిక్కీల సంగతి దాచకుండా చెప్పినవాడు మిగిలిన నూట ఆరు గురించి చెప్పినది కూడా నిజమై వుంటుందని ఆయనకు తోస్తుంది. లోపం చెప్పడం వల్ల ఆ లోపం మేరకు ధర తగ్గుతుంది. దాచి పంపితే, లారీ దిగిన తర్వాత మొత్తం లాటుపై తరుగు కోస్తారు, తగాదా వస్తుంది, మరుసటి ఆర్డరు వేరొకరికి వెళుతుంది.

పసుపుకైనా, బెల్లానికైనా, పత్తికైనా ఈ వరుసే పనికివస్తుంది. ఊరు, రైతు, కోత సమయం, ఎదురైన ఇబ్బంది, దానికి చేసిన పని, ప్రస్తుత స్థితి, కొలత. వీటిలో కొలత లేని కథ బజారులో చెల్లదు. కథ లేని కొలత చెల్లుతుంది గాని గుర్తుండదు. పరీక్ష కాగితాలు ఇద్దరివీ ఒకే విధంగా వుంటే, కొనేవారు తమకు గుర్తున్నవారికే ముందు ఫోను చేస్తారు.

పుకారు వేరు

చివరగా ఒక భేదం చెప్పుకోవాలి. "కోల్డ్ స్టోరేజీలలో నిల్వలు అయిపోయాయట", "ఫలానా దేశం పెద్ద ఆర్డరు పెట్టిందట" అనే మాటలు కూడా కథల్లాగే సాగుతాయి. వాటిలో మనుషులు, మలుపులు అన్నీ వుంటాయి. లేనిది ఒక్కటే, చెప్పినవారి పూచీ. సరుకు కథకు కింద సంతకం వుంటుంది, పుకారుకు "అట" అనే తోక వుంటుంది. వాయిదా మార్కెట్లలో ధరలను ఆడించడానికి అబద్ధపు వార్తలు వ్యాపింపజేయడం శిక్షార్హం. 2015 సెప్టెంబరులో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ విలీనమైనప్పటి నుంచి సరుకుల వాయిదా మార్కెట్లపై ఈ అధికారం సెబీకి వుంది. రొక్కం బజారులో చట్టం చెయ్యి అంత దూరం రాకపోయినా, ఒకసారి అబద్ధపు తేజీతో సరుకు అంటగట్టినవారి ఫోను రెండవసారి ఎవరూ ఎత్తరు.

కొత్త పంట రాకలు మొదలయ్యేలోగా వర్తకులు చేయదగిన పని ఒకటి వుంది. చిట్టా పక్కన లాటుల పుస్తకం ఒకటి పెట్టుకోవడం. ప్రతి లాటుకు ఊరు, రైతు, కోసిన వారం, ఆరిన రోజులు, తేమ, వేరు చేసిన కాయ, పంపిన చోటు, అక్కడి నుంచి వచ్చిన మాట రెండు మూడు వరుసలలో వ్రాసుకుంటే చాలు. దీనికి ఖర్చు లేదు, గుమాస్తా చేతికి పది నిమిషాల పని. కొనుగోలుదారు అడిగినప్పుడు కథ అల్లవలసిన అవసరం వుండదు. పుస్తకం తెరిచి చదివితే సరిపోతుంది.